టమల్‌పైస్ కొండదారి – సైకిలు సామగ్రి

అమెరికా పడమటితీరమున, సాన్‌ఫ్రాన్సిస్కో నగరమునుండి ఉత్తరముగా 1937లో తెఱవబడిన గోల్డెన్‌గేట్ వంతెనను దాటి పోవువారికి టమల్‌పైస్ అను పర్వతము కానవచ్చును. దాని తూర్పుశిఖరము 2,571 అడుగుల యెత్తుగలది. మన తిరుమలకంటె నిది కొంచెము తక్కువయే గాని, సముద్రమునకు అతిసమీపమున లేచుటచే మిక్కిలి యున్నతముగ దోచును. వేసవి యుదయములందు మంచు సముద్రమునుండి పాకివచ్చి లోయలను నింపును. ఆ మంచుతేమను గ్రోలుచు రెడ్‌వుడ్ మహావృక్షములు నిలిచియుండును. ఈ సముద్రశాఖ చుట్టునున్న పట్టణములలో తెలుగు కుటుంబము లనేకములు కాపురముండుటచే, ఆదివారములందు ఈ కొండపై మన భాషయు వినవచ్చుచుండును.

మేము నలుగురము స్త్రీలము. రెండు సంవత్సరములుగా నెలకు రెండు పర్యాయములైనను సైకిళ్లపై ఈ కొండ నెక్కుచున్నాము. కొండసైకిలునకు వలసిన సామగ్రినిగూర్చి మొదటినెలలో మాకుండిన యభిప్రాయములకును, నేటి యభిప్రాయములకును చాల భేద మున్నది. ఇట్టి వస్తువులకు వెచ్చించు ధనము ఇంటిఖర్చులోనిదే కావున, ఆ భేదమును సోదరీమణులకు దెలుపుట యుచితమని తలంచితిమి.

మిల్‌వ్యాలీ యను చిన్నయూరినుండి పైకి బోవు దారికి పాత రైలుబాట యని పేరు. 1896లో ఇచ్చట ఒక పొగబండిమార్గము వేయబడినది. అది 8 మైళ్ల పొడవున 281 వంపులు తిరిగి శిఖరముదాపునకు జేరెడిది. దిగునపుడు ఇంజను లేకయే, కేవలము వాలుబలముచేత జారు బండ్లుకూడ నుండెడివి. 1930లో రైలు నిలిచిపోయినది. పట్టాలు పోయినను బాట మిగిలినది. నూఱడుగులకు ఏడడుగులకంటె నిటారు కాకుండ నాడు వేసిన వాలే నేడు సైకిలెక్కువారికి మేలైనది. నడుమ 1904లో రైలు ప్రయాణికులకై కట్టిన వెస్ట్‌పాయింట్ సత్రము ఇప్పటికిని నిలిచియున్నది. దాని యరుగుపై గూర్చున్నచో సముద్రశాఖయు, నగరమును గన్నులయెదుట పఱచినట్లుండును.

కొండసైకిలు పుట్టినిల్లుగా ఈ మండలమునకు ఖ్యాతి గలదు. ఫేర్‌ఫాక్స్ గ్రామముచెంత 1976వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన కొందఱు యువకులు సుమారు రెండు మైళ్లలో 1,300 అడుగులు దిగు మట్టిదారిపై పాతసైకిళ్లతో పందెము వేసికొనిరి. అవి 1930, 40 ప్రాంతములనాటి బరువైన లావుటైర్ల సైకిళ్లు. పెడలు వెనుకకు ద్రొక్కినచో పనిచేయు బ్రేకులు వేడెక్కి, లోనిగ్రీసు పొగయై పోయెడిది. మరల గ్రీసు కూరవలసివచ్చుటచే ఆ దారికి రీప్యాక్ అను పేరు వచ్చెను. విఱిగినదానిని మార్చుచు, చాలనిదానిని కొత్తగా జేయుచు వారు పోగా పోగా, 1977లో జో బ్రీజ్ అనునతడు కొండదారికే ప్రత్యేకముగా చట్రమును నిర్మించెను. వెండీ క్రాగ్ అను స్త్రీ వారితో సమముగా ఆ దారి దిగుటయేగాక, ఆ దినముల ఛాయాచిత్రములను దీసి భద్రపఱచెను. వాడుకలో దెలిసిన లోపమును దిద్దుచు బోవుటయే ఈ వాహనముయొక్క జన్మచరిత్రము. 2015లో ఫేర్‌ఫాక్స్‌లో తెఱచిన సైకిళ్ల ప్రదర్శనశాలకు బోయినవారికి ఈ సంగతి కన్నులార గోచరించును.

ఇక సీటు మాట. మెత్తనిది, వెడల్పైనది, లోపల జిగురువంటి దిండుగలది అంగడిలో అందఱకును నచ్చును. మేమును దానినే కోరితిమి. అరగంట ప్రయాణమున కది హాయిగనే యుండును. అయితే పాత రైలుబాట ఎక్కుటకు రెండుగంటలు పట్టును. వాలు మెల్లనిదగుటచే లేచి త్రొక్కు నవసరము తక్కువ, సీటుపైననే కూర్చుండవలెను. అంతసేపు గూర్చున్నపుడు మెత్తనిదిండు ఎముకల క్రింద నణగిపోయి, సుకుమారమైన భాగములను పైకి ఒత్తును. మాలో అందఱకంటె పెద్దదియగు అక్కయ్య, “తిమ్మిరి పట్టుచున్నది, ఇక నాకు కొండ వలదు, సైకిలు నమ్మివేయుదును” అని రెండునెలలు రాక మానినది. అపుడొక అంగడివారు ఆమెను గీతలు గీతలుగానుండు మందపు అట్టపై గూర్చుండబెట్టి, కూర్చుండు నెముకలు చేసిన రెండు గుంటల నడిమిదూరమును గొలిచి, దానికంటె కొంచెము వెడల్పై, నడుమ సందుగల గట్టిసీటు నిచ్చిరి. మొదటిదినమున అది ఆమెకు చెక్కవలె నుండెను. నాల్గవప్రయాణమునకు సత్రమువఱకు దిగకుండ వచ్చినది. స్త్రీల కీ ఎముకలు సాధారణముగ పురుషులకంటె దూరముగ నుండును గాన, ఇంటిలో మగవారికి గుదిరిన సీటు మనకు గుదురునని తలంపరాదు.

రెండవది, మీట నొక్కినచో సీటును నాలుగైదంగుళములు క్రిందికి దించు కడ్డీ. దీనిని డ్రాపర్ పోస్టు అందురు. మామూలు కడ్డీకంటె బరువును, వెలయు నెక్కువ. ఎక్కునపుడు దానితో బని లేదు కావున మొదట మాకది యాడంబరముగ దోచెను. శిఖరమునుండి ఎల్డ్రిడ్జి బాటన దిగ నారంభించినతర్వాత సంగతి వేఱు. అది పందొమ్మిదవ శతాబ్దమున బండ్లకొఱకు వేసిన దారి, పైభాగమంతయు రాళ్లమయము. సీటు ఎత్తుగనున్నచో ముందుచక్రము రాతికి దగిలినప్పుడెల్ల తలక్రిందులగుదుమను భయము కలుగును. సీటు దిగినంతనే శరీరము వెనుకకును, క్రిందికిని బోవుటకు చోటు దొరకును. మా వదినగారు పొట్టివారు. ఆగినపుడు నేలకు కాలందక ప్రక్కకు ఒరిగెడివారు. ఇప్పుడు మీట నొక్కి నిశ్చింతగా కాలూనుచున్నారు. ఒక సంవత్సరము గడచినతర్వాత మా సామగ్రిలో వెలకు దగినది యేదని యడిగినచో నలుగురమును దీనినే చూపుదుము. ధూళి తుడువకున్న అది బిగిసిపోవునని మాత్రము మఱువరాదు.

ట్యూబు లేని టైర్ల విషయమున మా యభిప్రాయము ప్రశంసనుండి మితమునకు దిగినది. లోపల పోసిన పాలవంటి ద్రవము చిన్నముల్లు చేసిన రంధ్రమును తనంతనే మూయును. తక్కువగాలితో నడపవచ్చును గాన చక్రము రాళ్లపై నెగురక నేలను పట్టుకొనును. మొదటి మూడునెలలును మేము పంక్చరనుమాట వినలేదు. వేసవి యెండలతర్వాత గాలి నిలువకుండెను. విప్పిచూడగా ద్రవము మీగడతరకవలె నెండి యంటుకొనియుండెను. ఆవకాయజాడీని నూనె తేలియున్నదో లేదో యని మధ్యమధ్య మూతదీసి చూచినట్లు దీనినిగూడ కొన్నినెలల కొకసారి చూచి, ద్రవమును మరల పోయవలెను. వారము వారము కొండకు బోవువారి కిది మేలు. సైకిలు నెలలతరబడి కొట్టులో నుంచువారికి ట్యూబే సుఖము. మాలో ఇద్దఱు ట్యూబులకే మరలిరి; వారికి దానివలన లోటేమియు లేదు.

వీపున దగిలించుకొను నీళ్లసంచియు నిట్టిదే. వంపుగొట్టముతో నీరు పీల్చుట మొదట వింతగ నుండును. శీతకాలమున వీపు చెమర్చుటయు, గొట్టములో బూజు పట్టుటయు జూచి సీసాకు మారితిమి. ఆగస్టునెలలో సీసా చాలక మరల సంచినే తీసితిమి. ఇపుడు ఋతువును బట్టి రెండును వాడుచున్నాము.

ఈ దారులలో సైకిలువారు గంటకు 15 మైళ్లు మించరాదు. మలుపులయందును, నడచువారిని దాటునపుడును 5 మైళ్లే. కావున మిగుల వేగమునకై చేసిన వస్తువు లిచ్చట వ్యర్థములు. అమెరికాలో 1980ల దశాబ్దమున జాతీయవిజేతయైన జాకీ ఫెలన్ అను స్త్రీ, మెరీన్‌లో స్త్రీలకై సైకిలు సంఘమును స్థాపించి, దానిపేరులో తేనీటినిగూడ జేర్చినది. స్నేహమును, విశ్రాంతియు లేని సైకిలుస్వారి స్త్రీలకు రుచింపదని ఆమె యెఱుగును గాబోలు.

కొత్తగా నారంభించు సోదరీమణులకు మా మనవి యిది. అంగడిలో పదినిముషములు కూర్చుండి ఖరీదు నిర్ణయింపకుడు. సీటును, సైకిలును అద్దెకిచ్చు అంగళ్లు గలవు; వానిని దీసికొని రెండుగంటల దారి పోయిరండు. మొదట సీటునకును, పిదప సీటుకడ్డీకిని డబ్బు వెచ్చింపుడు. తక్కినవి నిదానముగ కొనవచ్చును. ఏ వస్తువు ఏనెలలో ఎట్లుండెనో యొక చిన్నపుస్తకమున వ్రాసియుంచుకొనుడు. అక్కయ్య పుస్తకమున మొదటిపుటలో “అమ్మివేయవలెను” అని యున్నది. ఆ సైకిలిప్పటికిని ఆమెయింటనే యున్నది. ఈ శనివారము దానికి కొత్త బ్రేకులు వేయింపవలసియున్నది.