మూడు చక్రాల పత్రిక

ఏమండోయ్, ఓసారి ఇలా రండి. టీ గ్లాసు గోడ మీద పెట్టుకోవచ్చులెండి, మా గోడ ఏమీ అనుకోదు.

మీకో సంగతి తెలుసా? ఇంగ్లండులో 1912లోనే ‘ది సైకిల్‌కార్’ అని ఓ పత్రిక పెట్టారు. కారుకి తక్కువ, మోటారుసైకిలుకి ఎక్కువ అనిపించే బుల్లి బళ్ల కోసం. మూడు చక్రాలవీ అందులోకే వస్తాయి. దాని సంపాదకుడు మెక్‌మిన్నీస్ కుర్చీలో కూచుని రాసే రకం కాదు. 1913లో ఫ్రాన్సులో అమియాన్ ఊళ్లో పందెం పెడితే, మోర్గన్ మూడు చక్రాల బండేసుకుని వెళ్లి ఫస్టొచ్చాడు. ఫ్రెంచివాళ్లు ఒప్పుకుంటేగా! మూడు చక్రాలదాన్ని సైకిల్‌కార్ అనం, సైడ్‌కారున్న మోటారుసైకిలంటాం అన్నారు. ఆ బహుమతి కాస్తా ఇంకో బండికి పోయింది. ఎంత అన్యాయమండీ! నూరేళ్లు దాటినా నాకింకా మంటే.

ఆ లెక్కన మన ఆటో మాత్రం ఏంటి? హ్యాండిలు పట్టుకుని, ఎడమచేత్తో గేరు తిప్పే బండేగా. మరి దానికో పత్రికుండొద్దూ? 1874లో ‘వివేకవర్ధని’ పెట్టిన కందుకూరి వారి రాజమండ్రి అండీ ఇది! పుస్తకాల కొట్లన్నీ తిరిగా. ఒక్కటీ దొరకలేదు. మూతి ముడుచుకుని వస్తూ దేవీచౌక్‌లో జామ్‌లో ఇరుక్కున్నా. ఎదురుగా ఆటో. దాని వీపు మీదే ఉంది పత్రిక!

పైన వెంకన్నబాబు. కింద పసుపు రేడియంలో ఇద్దరు పిల్లల పేర్లు. నడిమధ్య హీరోగారి ఫొటో. దాని పక్కన ఎవరిదో స్కూలు అడ్మిషన్ల కాగితం. అడుగున ఎర్రక్షరాల్లో సంపాదకీయం: ‘నన్ను చూసి ఏడవకురా’. ఏడుద్దామన్నా తీరికేదీ, వెనక లారీవాడు ఒకటే హారన్!

ప్రెస్సెక్కడంటారా? రేడియం షాపు. ఓ పూట అక్కడ నిలబడి చూడండి, సినిమా ఎందుకూ పనికిరాదు. మిషను అక్షరాలు కోసి పడేస్తే, కుర్రాడు బ్లేడు మొనతో చుట్టూ ఉన్న రేడియం వొలుస్తాడు. చిన్న చిన్న ఒత్తులొచ్చేసరికి ఊపిరి బిగబడతాడు. మనమూ బిగబడతాం. ‘దీవెనలతో’ అనేది ‘దివెనలతో’ అని పడింది. బాబూ, దీర్ఘం పోయిందిరా అన్నా. “అర్థమైపోయింది కదండీ” అన్నాడు. ఇంకేం మాట్లాడతాం? పేపర్లలో అచ్చుతప్పులు లేవా ఏంటి!

అన్నట్టు, ఆపే ఆటో ఎక్కారా? అది ఇటలీ పేరండోయ్. అక్కడి పియాజియో కంపెనీ 1948లో దించింది. వాళ్ల భాషలో ‘ఆపే’ అంటే తేనెటీగ. పువ్వు పువ్వుకీ ఆగుతుందిగా మరి. మనకి తర్జుమా అక్కర్లేదు. చెయ్యెత్తితే ఆపే బండి కాబట్టి ఆపే ఆటో. ముగ్గురెక్కేచోట ఏడుగురున్నా ఎనిమిదోవాడి కోసం ఆపుతుందే, పేరు నిలబెట్టుకోవడమంటే అదీ!

మైకు ఆటో ఉంది చూశారూ, అది మన పత్రిక రేడియో విభాగం. సగం వార్త మన వీధిలో, సగం పక్కవీధిలో. చీరల మీద భారీ తగ్గింపని మనకి తెలుస్తుంది. ఏ కొట్లోనో పక్కవీధివాళ్లకి తెలుస్తుంది. ఇరుగుపొరుగు మాట్లాడుకోవాలనే కదండీ ఆ ఏర్పాటు!

ఇక కడియం నర్సరీల నుంచొచ్చే ట్రాలీ ఆటోల మీద మాత్రం నాకు కోపం. చదువుదామని దగ్గరికెళితే గులాబీ కొమ్మలు అడ్డం. మందారాకు పక్కకి తొలిగే లోపు ఆటో మలుపు తిరిగేస్తుంది. ఇంకెక్కడి సంపాదకీయం?

ఇంతకీ ఈ పత్రికకి చందా లేదనుకోకండి. నిన్న కోటిపల్లి బస్టాండు దగ్గర పెరుగు తెమ్మంది మా ఆవిడ. ముందున్న ఆటో మీద ఏదో చిన్నక్షరాల్లో రాసుంది. చదువుకుంటూ చదువుకుంటూ ధవళేశ్వరం బ్యారేజీ దాకా వెళ్లిపోయా. చిట్టచివర ఉన్నదేంటో తెలుసా? ‘దూరం పాటించండి’!

ఇంటికొచ్చేసరికి అన్నాలు చల్లారాయి. ఇంతసేపూ ఏం చేస్తున్నారంది. పేపరు చదువుతున్నానన్నా. మీరే చెప్పండి, అబద్ధమా?