పేరు వేరు, సంఖ్య వేరు

కంప్యూటరు తెర మీద కనబడే వాక్యాలలో "అనుమతి లేదు" అన్నదానికంటె కటువైనది లేదని నా అభిప్రాయం. దస్త్రం లేదని చెబితే వెతుకుతాము. పాడైపోయిందని చెబితే విచారించి ఊరుకుంటాము. కాని దాని పేరు, పరిమాణం, చివరిసారి మార్చిన తేదీ అన్నీ కళ్ళెదుట పెట్టి, తెరవబోతే మాత్రం నీకు హక్కు లేదని చెప్పడం వేరు. గర్భగుడి గడప దగ్గర నిలబెట్టినట్లు ఉంటుంది.

ఈ వాక్యం మాకు ఎదురైన సందర్భం ఇది. నాతో పాటు పాతికేళ్ళు ఒకే బడిలో తెలుగు చెప్పిన మిత్రులొకరు ఉండేవారు. ఉద్యోగ విరమణ తరువాత ఆయన ఊరూరా తిరిగి కుమ్మరులు, వడ్రంగులు వాడే మాటలు సేకరించారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం ఆయనకు ప్రేరణ. సారె, ఆవము, బాడిస, చిత్రిక వంటి తెలిసిన మాటలే కాక, ఆయా పనివారు తప్ప వేరెవరూ పలకని మాటలు కూడా అర్థవివరణతో రాసుకున్నారు. ఇంట్లో లినక్సు కంప్యూటరులో టైపు చేసి, మేమంతా సభ్యులుగా ఉన్న ఒక సాహిత్య సంస్థ సర్వరుకు ఎప్పటికప్పుడు పంపేవారు. 412 దస్త్రాలు పోగైన తరువాత ఆయన కాలం చేశారు. ఇంట్లోని కంప్యూటరు అంతకు ముందే చెడిపోయింది. మిగిలినది సర్వరులోని ప్రతి ఒక్కటే.

నెల తిరిగేసరికి సంస్థవారు ఆనవాయితీ ప్రకారం ఆయన ఖాతాను తొలగించారు. అచ్చుకు సిద్ధం చేద్దామని మేము కూర్చున్న రోజున 412 దస్త్రాలూ కనబడ్డాయి, ఒక్కటీ తెరుచుకోలేదు.

ఆ సర్వరులో ఉన్నది విండోసు. దాని మీద సిగ్విన్ అనే యూనిక్సు తరహా పరికరాల సంపుటి నడుస్తుంది. సిగ్నస్ సొల్యూషన్స్ అనే సంస్థలో 1995లో మొదలైన పని అది. యూనిక్సు కోసం రాసిన ఆజ్ఞలను విండోసులో పనిచేయించడం దాని ఉద్దేశం. ఇద్దరు భాషణకర్తల మధ్య కూర్చున్న దుబాసీ వంటిది. అనువాదం చేసినవారికి తెలిసిన కష్టమే దానిదీను: ఒక భాషలో ఉన్న భావానికి రెండవ భాషలో సరిసమానమైన మాట ఉండకపోవచ్చు.

యూనిక్సు అనుమతుల వ్యాకరణం చిన్నది. ప్రతి దస్త్రానికి ముగ్గురు పురుషలు: యజమాని, బృందం, ఇతరులు. మన ఉత్తమ, మధ్యమ, ప్రథమ పురుషల వలెనే. ఒక్కొక్కరికి మూడు హక్కులు: చదవడం, రాయడం, నడిపించడం. హక్కు ఉంటే గురువు, లేకుంటే లఘువు అనుకుంటే మూడక్షరాల గణాలు ఎనిమిది వస్తాయి. చదవడానికి 4, రాయడానికి 2, నడిపించడానికి 1 చొప్పున కూడితే ఆ గణం సంఖ్య. మూడు గురువుల మగణం 7. మూడు లఘువుల నగణం సున్న. చదవడం, రాయడం ఉండి నడిపించడం లేని తగణం 6. అంటే 600 అని ఉన్న దస్త్రానికి త, న, న గణాలన్న మాట. యజమాని చదవవచ్చు, రాయవచ్చు. బృందానికి, ఇతరులకు ఏమీ లేదు. మా మిత్రుని దస్త్రాలన్నీ ఈ 600 లోనే ఉన్నాయి.

ఎందుకట్లా ఉన్నాయంటే, ఇంటి కంప్యూటరులో తన రాతలు తనకు మాత్రమే కనబడేటట్లు ఆయన ఏర్పాటు చేసుకున్నారు. సర్వరుకు పంపడానికి వాడిన ఆర్‌సింక్ అనే పరికరం 'ఎ' అనే గుర్తుతో నడిపితే, దస్త్రంతో పాటు దాని అనుమతులను కూడా యథాతథంగా మోసుకొస్తుంది. ఇంట్లో పెట్టుకున్న గడియ దస్త్రాలతో పాటు ప్రయాణం చేసి సర్వరులో కూడా పడింది.

విండోసు వ్యాకరణం ఇంతకంటె పెద్దది. 1993లో వచ్చిన విండోసు ఎన్‌టీ నాటి నుంచి ప్రతి దస్త్రానికి ఒక జాబితా ఉంటుంది. ఎవరికి ఏ హక్కు ఇచ్చారో, ఎవరికి ఏది నిషేధించారో అందులో ఒక్కొక్క వరుసగా ఉంటుంది. వరుసలకు లెక్క లేదు, క్రమానికి మాత్రం విలువ ఉంది. దస్త్రానికి నేరుగా రాసిన నిషేధాలు ముందు, నేరుగా రాసిన అనుమతులు తరువాత, పై సంచయం నుంచి సంక్రమించినవి ఆపైన. వ్యాకరణం చదివినవారికి ఇది కొత్త కాదు. సంక్రమించినది ఉత్సర్గం, నేరుగా రాసినది అపవాదం. అందుకే నేరుగా ఇచ్చిన అనుమతి, వారసత్వంగా వచ్చిన నిషేధాన్ని సైతం తోసివేస్తుంది. యూనిక్సు మూడు గణాలను యథార్థంగా చూపడానికి సిగ్విన్ ఒక్కొక్కప్పుడు ఈ క్రమాన్ని తప్పించి వరుసలు రాస్తుంది. అప్పుడు విండోసు, అనుమతుల క్రమం సరిగా లేదు, సర్దమంటావా అని అడుగుతుంది. సర్దనిస్తే సిగ్విన్ చెప్పిన అర్థం మారిపోవచ్చు. ఆ ప్రశ్నకు తొందరపడి ఒప్పుకోకూడదు.

మా బడిలో చదువుకుని ఇప్పుడు సర్వర్ల పని చేస్తున్న శిష్యుడొకడు ఫోనులో దారి చూపాడు. "మాస్టారూ, ముందు దస్త్రం సంగతి వద్దు. మీరెవరో దాన్ని అడగండి" అన్నాడు. వినడానికి వేదాంతంలా ఉన్నా, అది ఈ చిక్కులన్నిటికీ మొదటి మెట్టు. 'ఐడీ' అనే ఆజ్ఞ ఇస్తే నా పేరు, దాని పక్కన 197612 అనే సంఖ్య వచ్చాయి. విండోసు ప్రతి ఖాతాకు ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడవైన గుర్తు ఇస్తుంది. దాని చివరి భాగం ఆ యంత్రంలో ఆ ఖాతా వరుస సంఖ్య, నాది 1004. సిగ్విన్ దానికి 196608 కలిపి యూనిక్సు సంఖ్యగా చూపుతుంది. పూర్వం ఈ జాబితాను ఒక దస్త్రంలో విడిగా రాసి పెట్టవలసి వచ్చేది. 2015లో వచ్చిన 1.7.34 కూర్పు నుంచి సిగ్విన్ విండోసునే నేరుగా అడిగి తెలుసుకుంటుంది.

రెండవ మెట్టు దస్త్రాన్ని అడగడం. 'ఎల్‌ఎస్' ఆజ్ఞకు 'ఎల్' గుర్తు చేర్చి ఇస్తే యజమాని స్థానంలో "అన్‌నోన్ యూజర్" అని వచ్చింది. అజ్ఞాత వ్యక్తి! 412 దస్త్రాలలో ప్రతిదాని పక్కన అదే మాట. జీవితకాలపు శ్రమకు యంత్రం పెట్టిన పేరు అది. బృందం స్థానంలో "నన్" అని ఉంది, అంటే ఎవరూ కారని. ఇది హాస్యం కాదు. ఏ డొమైనులోనూ చేరని విండోసులో సాధారణ ఖాతాల ప్రధాన బృందం పేరే అది. పేరు ఎవరూ కారని, అర్థం అందరూనని. మేము, మనము అనే తేడా తెలియని బృందమది. దానికి చదివే హక్కు ఇస్తే ఆ సర్వరులో ఖాతా ఉన్న ప్రతివారికి ఇచ్చినట్లే. ఇది తెలియక చాలామంది బృందానికి హక్కు ఇచ్చి, దస్త్రం నలుగురి మధ్యనే ఉందని నమ్ముతూ ఉంటారు.

మూడవ మెట్టు విండోసును దాని భాషలోనే అడగడం. 'ఐకాకిల్స్' ఆజ్ఞ చూపినవి మూడే వరుసలు. మొదటిది పేరు లేని పొడవైన గుర్తు, చివర 1007. అదే మా మిత్రులు. దానికి చదివే, రాసే హక్కులున్నాయి. రెండవది నన్ బృందం, మూడవది సర్వజనులు. ఆ రెంటికీ దస్త్రం లక్షణాలను, అనుమతుల జాబితాను చూసే హక్కు మాత్రమే ఉంది. పేరు కనబడి లోపలిది కనబడకపోవడానికి కారణం ఇదే.

ఇక్కడ సంస్థవారికి ఒక ఆలోచన వచ్చింది. అదే పేరుతో ఖాతాను మళ్ళీ సృష్టిస్తే సరిపోతుంది కదా అని. సృష్టించారు కూడా. దస్త్రాలు కదలలేదు. కొత్త ఖాతాకు చివరి సంఖ్య 1012 వచ్చింది. విండోసు ఒకసారి ఇచ్చిన గుర్తును మరెవరికీ ఇవ్వదు. యూనిక్సులో పోయినవాని సంఖ్య కొత్తవానికి దక్కవచ్చు, దానితో పాటు పాత దస్త్రాలూ దక్కవచ్చు, అదొక ప్రమాదం. విండోసులో ఆ ప్రమాదం లేదు, ఆ సౌకర్యమూ లేదు. మనవడికి తాత పేరు పెట్టుకుంటాము. అంతమాత్రాన తాత దస్తావేజు మీద చేసిన సంతకం మనవడిది కాదు.

తరువాత జరిగినది మొదట నాకు వింతగా తోచింది. నేను నిర్వాహక బృందంలో సభ్యుణ్ణి. అయినా మామూలుగా తెరిచిన సిగ్విన్‌లో దస్త్రం రాలేదు. నిర్వాహకుడిగా తెరిచిన నోట్‌పాడులో కూడా రాలేదు. నిర్వాహకుడిగా తెరిచిన సిగ్విన్‌లో మాత్రం వచ్చింది. మనిషి ఒకడే, దస్త్రం ఒకటే, మూడు ద్వారాలు, రెండు సమాధానాలు. విండోసులో నిర్వాహకుడైనా మామూలుగా ప్రవేశిస్తే అధికార చిహ్నాలు తీసివేసి లోనికి పంపుతారు. 'ఐడీ' ఆజ్ఞకు వచ్చే బృందాల వరుసలో 544 ఉంటేనే ఆ అధికారం చేతిలో ఉన్నట్లు. ఉన్నా, జాబితాలో నిర్వాహకుల పేరు లేదు కనుక నోట్‌పాడుకు ప్రవేశం లేదు. సిగ్విన్ మాత్రం ప్రతులు తీసి భద్రపరిచేవారికి ఉద్దేశించిన ప్రత్యేకాధికారాన్ని వినియోగించుకుంటుంది. ఆ అధికారానికి జాబితాతో పని లేదు.

తెరుచుకుంది కదా అని వెంటనే యజమానిని మార్చలేదు. మొదట ప్రతులు వేరే చోట పెట్టాము. తరువాత 'గెట్‌ఫ్యాకిల్' ఆజ్ఞతో ఉన్న అనుమతులన్నీ ఒక దస్త్రంలోకి రాయించాము. 'ఐకాకిల్స్'కు 'సేవ్' అని చేర్చి విండోసు వైపు జాబితాను కూడా దాచాము. ఎక్కడైనా బెడిసికొడితే మళ్ళీ మొదటి స్థితికి తెచ్చుకోవచ్చు. పైగా యజమాని మారిన క్షణాన 1007 అనే ఆ చివరి జాడ కూడా చెరిగిపోతుంది. కనుక ప్రతి దస్త్రం మొదటి పంక్తిలో మిత్రుని పేరు, సేకరించిన ఊరు చేర్చాలని నిశ్చయించాము. అనుమతుల పట్టికలో దాచిన పేరు యంత్రం దయ మీద ఆధారపడి ఉంటుంది. రాతలో చేర్చిన పేరు ఎక్కడికి పోయినా వెంట పోతుంది.

ఆ తరువాత సంపాదకుల కోసం ప్రత్యేకంగా ఒక బృందం ఏర్పరచి, 'చౌన్' ఆజ్ఞతో యజమానిని, 'సీహెచ్‌గ్రూప్' ఆజ్ఞతో బృందాన్ని మార్చాము. చివరగా 'సీహెచ్‌మాడ్'. సంచయాలకు 770, దస్త్రాలకు 660. మ, మ, న. త, త, న. సంచయానికి మూడవ గురువు అవసరం. యూనిక్సు లెక్కలో అది లేకుంటే లోపలికి అడుగు పెట్టలేము. దస్త్రానికి అది అనవసరం. పెద్ద 'ఎక్స్' అక్షరం వాడితే సంచయాలకు మాత్రమే ఆ హక్కు వెళ్ళేటట్లు ఒకే ఆజ్ఞలో చెప్పవచ్చు. విండోసు కిటికీలో "కొనసాగించు" అనే మీట కూడా కనబడుతుంది. అది నొక్కితే మన ఖాతాను ఆ సంచయం జాబితాలో శాశ్వతంగా చేరుస్తుంది. తాత్కాలికమనుకుని నొక్కేవారు గమనించాలి.

ముందు ముందు ఇట్లా జరగకుండా రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాము. ఒకటి, ఆర్‌సింక్‌తో పంపేటప్పుడు ఇంటి అనుమతులను వెంట తేవద్దని చెప్పడం. రెండు, ఉమ్మడి సంచయం పాలన ఒక్కరికే అప్పగించడం. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. విండోసు వారసత్వమే నడవాలంటే సిగ్విన్‌లోని 'ఎఫ్‌స్టాబ్' దస్త్రంలో ఆ చోటికి 'నోయాకిల్' అని రాస్తే చాలు, సిగ్విన్ జాబితాల జోలికి పోదు. సిగ్విన్ పద్ధతే నడవాలంటే విండోసు కిటికీలోంచి అనుమతులు దిద్దకూడదు. మేము మొదటిదే ఎంచుకున్నాము. మాలో ఎక్కువమందికి కిటికీలే అలవాటు.

ఇప్పుడు పాఠం సరిచూస్తున్నాము. కుమ్మరి మాటల భాగం పూర్తయింది, వడ్రంగి మాటలు సగం అయినవి. కొన్నిచోట్ల ఆయన ప్రశ్నార్థకం పెట్టి, మళ్ళీ వెళ్ళి అడగాలి అని రాసుకున్నారు. ఆ ఊళ్ళకు మేము వెళ్ళవలసి ఉన్నది. చెప్పిన పనివారిలో ఎందరు ఉన్నారో చూడాలి.

సంస్థలు నడిపేవారికి ఒక్క మనవి. పోయినవారి ఖాతాను తొలగించడం సబబే. కాని ముందు దానిని నిలిపివేసి, వారి దస్త్రాలను బతికున్న ఒకరి పేరిట మార్చి, అవి తెరుచుకుంటున్నవో లేవో మరొకరి చేత తెరిపించి చూసి, ఆ తరువాత తొలగించండి. ఒక పూట పని.