వెలుతురు మీద పెట్టిన డబ్బు

కరెంటు బిల్లు తగ్గుతుందని బల్బులు మార్చే రోజులు మన ఇళ్లలో దాదాపు అయిపోయాయి. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే, రోజుకు 5 గంటలు వెలిగే గదిలో ఏడాదికి 93 యూనిట్లు మిగులుతాయి. ఆంధ్రప్రదేశ్ టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్ల స్లాబుకు యూనిట్ 6 రూపాయలు. అంటే ఒక్క బల్బు మీద 558 రూపాయలు. 2014లో గుంటూరు సహా నాలుగు జిల్లాల్లో పాత బల్బు తీసుకుని 10 రూపాయలకే ఎల్‌ఈడీ ఇచ్చారు. తర్వాతి ఏడాది ఉజాలా పథకం దేశమంతా వచ్చింది. సామాన్యుడి జేబుకు అంత నేరుగా మేలు చేసిన పథకాలు తక్కువ. కానీ అంత మిగులు ఇచ్చే మార్పు ఒక్కసారికే. 9 వాట్ల స్థానంలో 8 వాట్లది పెడితే ఇక మిగిలేది ఏడాదికి 11 రూపాయలు.

అందుకే విజయవాడలో మా ఫ్లాటుకు లైట్లు కొనేటప్పుడు వాట్ల సంగతి పక్కన పెట్టి, ఏ దీపం కింద ఎవరు ఎంతసేపు ఉంటారో కాగితం మీద రాసుకున్నాను. మా అమ్మాయి చదువుకునే బల్ల, వంటగది గట్టు, అత్తయ్య గారి మంచం పక్క. ఈ మూడు చోట్లా గంటలకు గంటలు గడుస్తాయి. బాత్‌రూమ్, బాల్కనీ, స్టోర్‌రూమ్‌లలో నిమిషాలే. డబ్బు ఆ మూడింటికి పెట్టాలని, మిగతా చోట్ల మామూలు బల్బు చాలని తీర్మానించుకున్నాను.

మంచి బల్బుకు, మామూలు బల్బుకు తేడా ఎక్కువగా లోపలి డ్రైవర్‌లో ఉంటుంది. మన ఇంటికి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మార్చుకుని తిరిగి వస్తుంది. దాన్ని నిలకడగా మార్చి ఎల్‌ఈడీకి అందించడం డ్రైవర్ పని. అది చవకరకమైతే వెలుతురు సెకనుకు 100 సార్లు తగ్గుతూ పెరుగుతుంటుంది. కంటికి కనబడదు గాని కన్ను, మెదడు ఆ రెపరెపను భరిస్తూనే ఉంటాయి. 1989లో బ్రిటన్‌లో ఆర్నాల్డ్ విల్కిన్స్ బృందం ఒక ఆఫీసులో పాత చోక్ ట్యూబ్‌లైట్ల కిందా, రెపరెప లేని ఎలక్ట్రానిక్ చోక్ ట్యూబ్‌ల కిందా పనిచేసేవాళ్లను పోల్చి చూసింది. రెండో రకం కింద తలనొప్పులు, కళ్ల అలసట సగానికి పైగా తగ్గాయి. పదో తరగతి పిల్ల రాత్రి పదింటిదాకా కూర్చునే బల్ల మీద ఈ విషయంలో నేను పిసినారితనం చూపలేను.

షాపులో రెండు బల్బులు వెలిగించి చూపమన్నాను. ఒకటి 80 రూపాయలు, ఇంకొకటి 220. "రెండూ తొమ్మిది వాట్లే కదా మేడం, ఇంత ఆలోచన ఎందుకు?" అన్నాడు షాపాయన. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి రెండింటినీ వీడియో తీశాను. 80 రూపాయల దాని వెలుగు కొట్టుకుంది, తెర మీద నల్లటి చారలు కదిలాయి. 220ది నిలకడగా ఉంది. ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. 300 దాటిన ఒక అలంకార బల్బులోనూ అవే చారలు. ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన మంచిది వస్తుందని నమ్మకం లేదు, వెలిగించి చూసుకోవాల్సిందే.

అయితే రెపరెప ఒక్కటే చూస్తే సరిపోదు. అత్తయ్య గారికి పొద్దున్నే రేడియోలో విజయవాడ ఆకాశవాణి వినడం అలవాటు, మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్. హాల్లో స్ట్రిప్ లైటు వేస్తే చాలు, వార్తలు వినబడకుండా ఒకటే బరబర. "ఏమే, ఆ దీపం ఆర్పు, నాకేం వినబడట్లేదు" అనేవారు. వెలుతురును నిలకడగా ఉంచే డ్రైవర్లు కరెంటును సెకనుకు వేల సార్లు ఆపి వదులుతాయి. ఆ వేగం వల్ల పుట్టే విద్యుత్ రొద తీగల వెంట, గాలిలో పాకి రేడియోకు అడ్డుపడుతుంది. దాన్ని ఆపే ఫిల్టర్‌కు ఒక కాయిల్, ఒకటి రెండు కెపాసిటర్లు చాలు. చవకరకం అడాప్టర్లలో ముందు ఎగరగొట్టేది వాటినే. ఇక్కడే చిక్కు. ఉత్త కెపాసిటర్‌తో నడిచే అతి చవక బల్బు రేడియోను ఇబ్బంది పెట్టదు, వెలుతురు మాత్రం రెపరెపలాడుతుంది. వేగంగా కరెంటు ఆపి వదిలేది వెలుతురును నిలబెడుతుంది, ఫిల్టర్ లేకపోతే రొద చేస్తుంది. రెండు పరీక్షలూ నెగ్గిన బల్బే కొనాలి. ఫోన్ ఒకదానికి, పాత రేడియో రెండోదానికి.

ఈ రొద ఒంటికి హాని అంటూ సాకెట్‌లో పెట్టుకునే 'ఫిల్టర్లు' వేల రూపాయలకు అమ్ముతున్నారు. ఇంటి దీపాల రొద వల్ల జబ్బులొస్తాయని సైన్సులో నిరూపణ లేదు. నేను ఆ డబ్బు పెట్టలేదు. స్ట్రిప్ లైటు అడాప్టర్ మార్పిస్తే రేడియో బాగుపడింది, ఖర్చు 450 రూపాయలు.

ఈ మంచి లైట్లకు డబ్బు ఫాల్స్ సీలింగ్ అంచనాలోంచి తీశాను. ఎలక్ట్రీషియన్ హాలుకు, గదులకు కలిపి ముప్పైకి పైగా ప్యానెల్ లైట్లు రాశాడు. నేను సగానికి తగ్గించాను. ఉంచినవాటికి కూడా డ్రైవర్ విడిగా డబ్బాలో ఉన్నవే తెమ్మన్నాను. ఎల్‌ఈడీ దీపాల్లో తరచుగా ముందు పోయేది డ్రైవరే, అదీ వేడికి. డబ్బా మీద 25,000 గంటలని రాసి ఉన్నా, గాలి ఆడని గుంతలో బిగిస్తే అన్నాళ్లు నిలవడం కష్టం. డ్రైవర్ విడిగా ఉంటే అది మాత్రం మార్చుకోవచ్చు, లేదంటే లైటు మొత్తం పారేయాలి. మంచం పక్కన, బల్ల మీద మాత్రం మామూలు పిన్ హోల్డరే పెట్టించాను.

రంగు విషయంలో డబ్బు తేడా పెద్దగా లేదు, ఎంచుకోవడమే. అత్తయ్య గారి గదిలో 2700 కెల్విన్ పసుపు వెలుతురు. పడుకునే ముందు 6500 కెల్విన్ తెల్లటి వెలుగులో ఉంటే అందులోని నీలం నిద్రను వెనక్కి నెడుతుంది. చదువుకునే బల్లకు 4000. వంటగదిలో సీఆర్‌ఐ, అంటే రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె, 90 ఉన్నది చూసి కొన్నాను. తోటకూర వాడిందో తాజాగా ఉందో ఆ వెలుతురులో తెలుస్తుంది.

యూరప్‌లో 2021 సెప్టెంబరు నుంచి ఇళ్లలో వాడే ఎల్‌ఈడీ దీపాల రెపరెపకు చట్టబద్ధమైన హద్దు ఉంది. మన బల్బు డబ్బా మీది నక్షత్రాలు చెప్పేది వాట్‌కు ఎంత వెలుతురన్నదే. రెపరెప అంకె కూడా డబ్బా మీద వేయాలని అడగడానికి కొనేవాళ్లందరికీ హక్కుంది. అది వచ్చేదాకా, కొత్తింట్లోకి దిగేవాళ్లు లైట్లన్నీ ఒక్కసారే కొనవద్దు. రకానికి ఒకటి తెచ్చి ఒక రాత్రి వెలిగించి చూడండి, నచ్చాకే మిగతావి తెప్పించండి.