పక్షమున కైదు ప్రశ్నలు

ఉద్యోగము చేయు స్త్రీ సాయంకాలము గడప త్రొక్కగానే ఇంటివారడుగు ప్రశ్న యొకటియే: "ఇంత యాలస్యమేల?" మనసెట్లున్నదని యడుగువారు తక్కువ. అట్టి ప్రశ్నను కార్యాలయమువారే పక్షమున కొకసారి యడుగ మొదలిడినప్పుడు మాకు సంతోషమే కలిగినది.

మేము విశాఖపట్టణములో నొక బీమా కార్యాలయమున క్లెయిముల శాఖలో పనిచేయుచున్నాము. రేవులోను, ఉక్కు కర్మాగారములోను పనిచేయువారు, ప్రమాదములో దిక్కును గోల్పోయిన వారి భార్యలు మా బల్లయొద్దకు వత్తురు. మరణ ధ్రువపత్రము చేతబట్టుకొని నిలిచిన యామెతో "నామినీ పేరు తప్పు పడినదమ్మా, మరల రండి" యని చెప్పుట యెంత కష్టమో చెప్పినవారికే తెలియును. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మన పట్టణముపై విరుచుకుపడిన పిమ్మట కాగితములు గుట్టలుగా వచ్చిపడినవి. మా యింటి పెంకులు ఎగిరిపోయి యుండగా పరుల యిండ్ల నష్టము లెక్క వ్రాసితిమి. మీ యిల్లెట్లున్నదని నాడు మమ్మడిగినవారు లేరు.

ఇప్పుడు సెల్‌ఫోనులో ప్రశ్నలు వచ్చుచున్నవి. పనిభార మెట్లున్నది? పై యధికారి మీ మాట వినునా? ఇట్టివి ఐదు. ఒకటి మొదలు ఐదు వరకు అంకె నొక్కవలెను. రెండు నిమిషముల పని. దీనిని పల్స్ సర్వే యందురు, అనగా నాడి చూచుట. నాడి చూచినవాడు మందు గూడ నీయవలెను గదా!

ఈ యైదు మెట్ల కొలత క్రొత్తది కాదు. అమెరికాలో రెన్సిస్ లైకర్ట్ అను పండితుడు 1932లో దీనిని ప్రకటించెను. తరువాత 1935 మొదలు 1939 వరకు ఆయన హార్ట్‌ఫర్డ్ నగరమున జీవిత బీమా కంపెనీల సంఘమొకదానిలో పరిశోధనాధికారిగా నుండెను. పిమ్మట మిచిగన్ విశ్వవిద్యాలయమున ఆయన నడిపిన పరిశోధనాలయమువారు ప్రుడెన్షియల్ బీమా కంపెనీ గుమాస్తాలను ప్రశ్నించి, 1950లో ఫలితములు ప్రకటించిరి. పనినే గాక పనిచేయువారిని గూడ పట్టించుకొను అధికారుల క్రింద పని యెక్కువగా సాగుచుండెనని తేలినది. మన యత్తగార్లకు ఈ రహస్యము పరిశోధన లేకయే తెలియును. తెలిసియు ఆచరింపనివారి మాట వేరు.

మొదటి పక్షమున మేము పనిభారమున కెదురుగా ఒకటి నొక్కి, "మధ్యాహ్నము భోజనమునకు లేచు వ్యవధి లేదు" అని వ్రాసితిమి. పేరు కనబడదని చెప్పియుండిరి. కాని మా శాఖలో నున్నది నలుగురము. అందు స్త్రీల మిద్దరమే. మూడవనాడు అప్పటి యధికారి మా బల్లప్రక్కగా పోవుచు నవ్వి, "భోజనమైనదా అమ్మా?" అనెను. ఆ నవ్వుతో మా పేరు బయటపడినట్లే. నాటినుండి అన్నిటికిని ఐదులే.

మా ప్రక్క కుర్చీలోని చిన్నది "ఏమి వ్రాసినారక్కా?" అని ప్రతిసారియు నడిగెడిది. "ఐదులే యమ్మా" యంటిమి. ఆమెయు నట్లే నొక్కెడిది. ఏడవ పక్షమున ఆమె రాజీనామా యిచ్చినది. మృతుల కాగితములు కలలోనికి వచ్చుచున్నవనియు, నెలలుగా సరిగా నిద్ర లేదనియు అప్పుడు చెప్పినది. ఒక చేతి దూరములో కూర్చుండి మే మెరుగమైతిమి. ఆమె చేత ఐదులు నొక్కించినది కార్యాలయమా, మేమా? ఈ ప్రశ్న మమ్ము నేటికిని విడువలేదు.

క్రొత్త యధికారి రాగానే, ఈసారి పేరు పెట్టియే, ఒక జాబు వ్రాసితిమి. చిన్న శాఖల జవాబులను విడిగా చూడక కలిపి లెక్కింపవలెననియు, వచ్చిన ఫలితమును మాకు గూడ చూపవలెననియు, పక్షమున కొక్క లోపమైనను దిద్దవలెననియు కోరితిమి. ఆయన కొన్ని యొప్పుకొనెను. మరణ క్లెయిముల బల్ల యిప్పుడు ఒక్కరిదే కాదు. వారము వారము మారుచుండును. భోజనవేళ అరగంట కిటికీ మూయుదురు. మనుష్యులను పెంచుమన్న మాటకు మాత్రము ఇంకను జవాబు రాలేదు.

ఆ కుర్చీలో నిప్పు డొక క్రొత్త పిల్ల యున్నది. మొన్న ప్రశ్నలు రాగానే మావైపు వంగి, "ఏమి వ్రాయవలె నక్కా?" అని యడిగినది. మా ఫోను త్రిప్పి చూపితిమి. పనిభారమున కెదురుగా రెండు.