తలుపు పక్క వరస

వార్షికోత్సవ సంచికకు రాయమంటే పాత విద్యార్థులం అందరం నీళ్ల చారు గురించీ, స్టడీ అవర్ గురించీ రాస్తాం. మేం ముగ్గురం ఈసారి ఇంకో సంగతి రాస్తున్నాం. హాల్లో తలుపు పక్కన పడుకునే వరస మాది. ఎందుకో ఆనాటి మిత్రులకు చెప్పక్కర్లేదు. మేం రాత్రిళ్లు పక్క తడిపేవాళ్లం.

2001లో ఐదో తరగతిలో చేరాం. ఒక కార్పెట్టు, ఒక దుప్పటి మా ఆస్తి. తెల్లారకముందే ఉతికి గోడ మీద ఆరేస్తే చలికాలంలో సాయంత్రానికీ ఆరేవి కావు. "ఏటిరా గుంటా, రేత్రి నాగావళి పొంగిందేటి?" అని పెద్దవాళ్లు నవ్వేవారు. పైడితల్లమ్మకు మొక్కులయ్యాయి, తాయెత్తులయ్యాయి. మాలో ఒకడు సంక్రాంతికి ఇంటికెళ్లి ఇక రానన్నాడు. వాళ్లమ్మ జీడితోటల్లో కూలి. ఆమే వాణ్ణి చెయ్యి పట్టుకు తెచ్చి, "బావూ, నా గుంటడు సదువు మానేస్తనంటన్నాడు. మందేటైనా ఇప్పించండి" అని వార్డెన్ గారిని అడిగింది.

ఆయన ముగ్గుర్నీ బస్సెక్కించి విజయనగరంలో ఒక డాక్టరు గారికి చూపించారు. మూత్ర పరీక్ష చేశారు. విరేచనం సరిగా అవుతోందా, ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బుందా అని అడిగారు. ఇద్దరికి మందే రాయలేదు. ఇల్లు వదిలిపోదామనుకున్నవాడికి మాత్రం రాత్రి వేసుకోవడానికి ఇమిప్రమిన్ రాశారు. వారం తిరక్కుండానే వాడి దుప్పటి పొడిగా ఉంది!

ఇంతలో పదో తరగతి అన్న ఒకాయన అట్ట మీద పేరు చదివి, అది పిచ్చి మందని హాలంతా చాటాడు. తడి పక్క కంటే ఆ మాటే వాణ్ణి ఎక్కువ ఏడిపించింది. నిజానికి అది దిగులు జబ్బు మందే. స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్ 1957లో దాని గుణం వెల్లడించాడు. పక్క తడపడాన్నీ ఆపుతుందని 1960లో తెలిసింది. అయితే దిగులు తగ్గడానికి వారాలు పడుతుంది, పక్క పొడిబారడానికి రోజులు చాలు. ఏ దిగులూ లేని పిల్లాడికీ పనిచేస్తుంది. పిచ్చికీ దీనికీ సంబంధమే లేదు.

భయపడాల్సింది వేరే ఉంది. మూడో తరగతి బుడతడొకడు "నాకూ ఒకటియ్యన్నా" అని చెయ్యి చాపాడు. ఈ మాత్రలు ఎక్కువ మింగితే గుండె లయ తప్పి ప్రాణం పోతుంది, చిన్నపిల్లలకు కొద్ది మాత్రలే చాలు. డాక్టరు గారు ముందే హెచ్చరించడం వల్ల వార్డెన్ గారు వాటిని తన బీరువాలో పెట్టి తాళం వేసి, రాత్రికొకటి చేతిలో పెట్టేవారు. రేకు పెట్టెలో ఉండదగ్గ మందు కాదది.

మూడు నెలలకు మెల్లగా తగ్గించి ఆపారు. పక్క మళ్లీ తడిసింది. ఆపాక చాలామందికి ఇలాగే తిరగబెడుతుందట. అందుకే ఇప్పుడు వైద్యులు దీన్ని మొదట రాయరు. తడి తగలగానే మోగే అలారం ఉంది (మన హాల్లో మోగితే అరవై మందీ లేచి కూర్చునేవారు!), రాత్రి మూత్రం తగ్గించే డెస్మోప్రెసిన్ ఉంది. అవి కుదరనప్పుడే ఇమిప్రమిన్, అదీ ఆరేళ్లు దాటినవారికే. ఏ మందూ లేకపోయినా ఏటా నూటికి పదిహేను మంది పిల్లలకు దానంతటదే పోతుంది.

మాకు ఆసరా అయింది వాచ్‌మన్ తాత. పది గంటలకు లేపి లాంతరు పట్టుకుని దొడ్డి వైపు తోడొచ్చేవాడు. లేపడం వల్ల జబ్బు నయం కాదు, ఆ రాత్రికి పక్క పొడిగా ఉంటుంది, అంతే. ఆ చీకట్లో పాముల భయానికి ఒంటికి వెళ్లకుండా బిగబట్టుకు పడుకునేవాళ్లు మా వరసలోనే కాదు, హాలంతా ఉండేవారు. తర్వాత వార్డెన్ గారు అక్కడ బల్బు పెట్టించారు. ఇద్దరికి ఎనిమిదో తరగతిలో తగ్గింది, మాత్రల వాడికి తొమ్మిదిలో. ఇప్పుడు వాడు విశాఖలో ఎలక్ట్రీషియన్.

ఈ సంచికతో పాటు కార్పెట్ల మీద పరిచే రెక్సిన్ గుడ్డ పంపుతున్నాం. వార్డెన్ గారి గదిలో ఉంటుంది. తీసుకునేవాళ్లు పేరు రాయనక్కర్లేదు.