సన్మానపు శాలువ

పెద్దలకు పైవస్త్రము కప్పి గౌరవించుట మన దేశమున బహుకాలమునుండి వచ్చుచున్న మర్యాద. శూద్రకుని మృచ్ఛకటికమునందు, మదగజము బారినుండి యొక సన్న్యాసిని కాపాడిన కర్ణపూరకునకు బహూకరింప నొడలిపై నగ యేదియు మిగులని చారుదత్తుడు, జాజిపూల పరిమళము గల తన యుత్తరీయమునే యిచ్చెను. వసంతసేన తన యాభరణము నిచ్చి దానిని తీసికొని, మురియుచు తానే కప్పుకొన్నది. నగకు సరితూగిన వస్త్ర మది!

నేటి సన్మానములలో కప్పెడి శాలువలను గూర్చి యట్లు చెప్పగలమా? మావారు ఉపాధ్యాయులగుటచే నట్టివి మా పెట్టెలో 12 చేరినవి. అన్నియు తళతళలాడు కృత్రిమపు దారములే. చెమట పీల్చవు, చలి నాపవు, పసిబిడ్డకు పరచుటకైనను పనికిరావు. సభతోడనే వాని పనియు ముగియును.

మా యలంపురమునకు చేరువను, తుంగభద్ర యొడ్డున, రాజోలిలో మగ్గముల చప్పుడు నేటికిని వినవచ్చుచున్నది. అచ్చట నేయునది గద్వాల నేత: నడుమ నూలు, అంచున పట్టు. ఈ రెంటిని సూదితో కుట్టరు. నూలుపేకకు ఒక నాడె, ఇరుప్రక్కల పట్టుపేకలకు రెండు నాడెలు నడిపి, ప్రతి వరుసయందును దారమునకు దారము మెలిపెట్టి కలిపెదరు. దీనినే కుప్పడమందురు. ఇందుకు మగ్గమువద్ద మరియొకరు తోడుండవలెను. ఆ తోడు తరచుగా నింటి యిల్లాలే. కండెలు చుట్టుటయు నామె పనియే. వెల కట్టునపుడు మాత్ర మామె శ్రమ యెవరికిని కానరాదు.

గద్వాల సంస్థానము నాటి యాచారము ననుసరించి తిరుమల బ్రహ్మోత్సవములకు ఏటేట జోడుపంచెలను గద్వాల నేతగాండ్రే నిష్ఠతో నేయుచున్నారు. దేవునికి తగిన నేత గురువునకు తగదా? 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచినపుడు మగ్గములు నీటిపాలైనవి. అయినను వారు నేత విడువలేదు. ఏరు మాన్పలేని పనిని మన యుపేక్ష మాన్పరాదు.

1962 మొదలు సెప్టెంబరు 5వ తేదీని ఉపాధ్యాయ దినముగా జరుపుకొనుచున్నాము. ఆనాడు పదిమంది పది శాలువలు తెచ్చుటకు మారుగా, అందరును చేరి యొక్క నేత యుత్తరీయమును చెప్పి నేయింపరాదా? గురువుగారు దానిని పదేండ్లు కప్పుకొందురు. కొనునపుడు బట్టను త్రిప్పి, నూలును పట్టును కలిసిన చోట వ్రేలితో తడవి చూడుడు. ఆ మెలికలలో నొక యిల్లాలి పగళ్లున్నవి. బేరమాడుటకు నోరు తెరచుటకు ముందు వానిని తలచుకొనుడు.