పేరు మార్పిడి

మా నాన్నగారి కాలంలో స్కూటరు కొనడమంటే ఎదురుచూడటమే. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ కోసం ముందుగా డబ్బు కట్టి, తమ వంతు ఎప్పుడు వస్తుందా అని సంవత్సరాల తరబడి కాచుకొన్న కుటుంబాలు ఎన్నో ఉండేవి. ఎట్టకేలకు మా ఇంటికి స్కూటరు వచ్చిన రోజున అమ్మ దానికి పసుపు కుంకుమలు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. నాన్నగారు మాత్రం ఆ సంబరంలో పాలుపంచుకోకుండా, రిజిస్ట్రేషను పుస్తకాన్ని ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి బీరువాలో భద్రపరచడంలో మునిగిపోయారు. అప్పట్లో అది నిజంగా పుస్తకమే. దానిలో యజమాని పేరు చేతిరాతతో ఉండేది. ఇప్పుడది జేబులో పట్టే కార్డుగా మారిపోయినా, జనం నోట 'ఆర్.సి. బుక్కు' అనే మాట అలాగే నిలిచిపోయింది.

2018లో నేను స్కూటరు కొనడానికి ఒక్క సాయంకాలం సరిపోయింది. దానిని నా పేరు మీదికి తెచ్చుకోవడానికి అయిదు నెలలు పట్టింది.

హనుమకొండలో మా ఇంటినుంచి కళాశాల నాలుగు కిలోమీటర్ల దూరం. కొత్త వాహనం కొనే స్తోమత అప్పుడు లేదు. పాత వస్తువులను అమ్ముకొనేవారు ప్రకటనలు పెట్టే ఒక అంతర్జాల వేదికలో, సెల్‌ఫోనులోనే వెతికాను. కరీంనగరంలో ఒక యువకుడు గేర్లు లేని స్కూటరు బొమ్మలు నాలుగు పెట్టాడు. 2011 నాటిది, ఏపీ 15తో మొదలయ్యే నంబరు, అంటే ఉమ్మడి రాష్ట్రంలో కరీంనగరం జిల్లాకు కేటాయించినది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తరువాత కొత్త వాహనాలకు కొత్త అక్షరాలు వచ్చాయి గాని, పాత వాహనాలు పాత అక్షరాలతోనే తిరుగుతున్నాయి. బేరం 21,000 రూపాయలకు కుదిరింది. మరునాటి సాయంత్రం బస్సులో వెళ్ళి, డబ్బిచ్చి, బండి మీద తిరిగివచ్చాను.

"కాగితాల గురించి పరేషాన్ కావద్దు సార్. సంతకాలన్నీ అయిపోయినయి" అని ఆ యువకుడు ఒక కవరు నా చేతిలో పెట్టాడు. అందులో ఆర్.సి. కార్డు, ఒక బీమా పత్రం, 29వ నంబరు ఫారాలు రెండు, 30వ నంబరు ఫారం ఒకటి ఉన్నాయి. అమ్మినట్లు రవాణా అధికారికి తెలియజేసేది మొదటిది. యాజమాన్యాన్ని మార్చవలసిందిగా కోరేది రెండవది. ఆ ఫారాలలో గళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి. అడుగున మాత్రం నీలి సిరాతో ఒక సంతకం ఉన్నది. తెలుగులో, గుండ్రంగా, నిదానంగా చేసిన సంతకం. అది ఆ యువకునిది కాదు. కార్డు మీద పేరూ అతనిది కాదు. ఈ రెండు విషయాలనూ నేను ఇంటికి వచ్చిన తరువాత గమనించాను. ముప్పై మంది విద్యార్థుల జవాబు పత్రాలను అక్షరం విడవకుండా దిద్దగలిగిన నేను, 21,000 రూపాయలు పోసి కొన్న వస్తువు కాగితాలను ఆపాటి శ్రద్ధతో చూడలేదు.

ఇలా ఖాళీ ఫారాలపై సంతకం తీసుకొని వాహనాన్ని చేతులు మార్చడం మన ఊళ్ళలో సర్వసాధారణం. మొదటి యజమాని మెకానిక్కుకు అమ్ముతాడు; మెకానిక్కు మరొకరికి, ఆ మరొకరు ఇంకొకరికి. ఫారాలు బండి డిక్కీలోనే ప్రయాణం చేస్తూ ఉంటాయి. నడుమ వచ్చినవారెవరూ రుసుము కట్టరు, పేరు మార్పించరు. మోటారు వాహనాల చట్టం, 1988, 50వ సెక్షను చెప్పేది వేరు. అదే రాష్ట్రంలో అమ్మిన వ్యక్తి 14 రోజులలో, కొన్న వ్యక్తి 30 రోజులలో అధికారికి తెలియజేయాలి. నా స్కూటరు విషయంలో ఆ గడువులు ఎన్నిసార్లు దాటిపోయాయో లెక్క తేలలేదు.

మా కళాశాలలో పౌరశాస్త్రం బోధించే మిత్రునికి ఈ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఆ బండి ఈరోజు ఎవరినైనా గుద్దితే యజమాని ఎవరనుకొంటున్నారు?" అని అడిగాడు. డబ్బిచ్చి కొన్నవాణ్ణి కనుక నేనేనన్నాను. కాదన్నాడు. ఆ చట్టంలోని నిర్వచనం ప్రకారం ఎవరి పేరున రిజిస్టరయి ఉంటే వారే యజమాని. చేతులు ఎన్ని మారినా, పుస్తకంలో పేరున్న వ్యక్తి నష్టపరిహారపు బాధ్యత నుంచి తప్పించుకోలేడని ఆ ఏడాది ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు ఒక కారు ప్రమాదపు కేసులో తీర్పు ఇచ్చిందట. ఆ రాత్రి బీమా పత్రాన్ని దీపం కింద పెట్టి చూశాను. దాని గడువు 2016లోనే తీరిపోయింది. అంటే రెండేళ్ళుగా బీమా లేకుండా ఆ బండి రోడ్ల మీద తిరుగుతున్నది. దాని పాపపుణ్యాలన్నీ నేనెరుగని ఒక మనిషి ఖాతాలో జమ అవుతున్నాయి. మర్నాటి నుంచి స్కూటరును పెరటిలో వేపచెట్టు కింద నిలిపి, గోనెపట్టా కప్పి, మళ్ళీ సిటీ బస్సు ఎక్కాను.

రవాణా కార్యాలయం ఎదుట బల్ల వేసుకొని కూర్చునే ఏజెంటు నా ఫారాలు చూసి, పాత యజమాని ఆధార్ నకలు ఒకటి తెమ్మన్నాడు. కార్డు మీది చిరునామా హుజూరాబాదు. వరంగల్లుకూ కరీంనగరానికీ నడుమనున్న ఊరే కదా అని ఒక ఆదివారం బయలుదేరాను.

పెంకుటిల్లు. వాకిట్లో తులసికోట. తలుపు తీసిన ఆమెకు అరవై ఏళ్ళుంటాయి. కార్డు చూపించి, వీరిని కలవాలని చెప్పాను. ఆమె కార్డును చేతిలోకి తీసుకొని, వెలుతురుకు పెట్టి, చాలాసేపు చూసింది.

"ఆయన లేరు సారూ. పోయి మూడేండ్లాయె."

2015లో ఆయనకు కామెర్లు ముదిరాయట. వైద్యానికి డబ్బు కావలసివచ్చి, స్కూటరును తెలిసిన మెకానిక్కుకే అమ్మారు. మెకానిక్కు ఆసుపత్రికే వచ్చి, మంచం మీద కూర్చోబెట్టి సంతకాలు తీసుకొన్నాడు. రెండు నెలలకు ఆయన పోయారు. ఆ గుండ్రని సంతకం అంత నిదానంగా ఎందుకు ఉన్నదో నాకు అప్పుడు అర్థమయింది.

ఆమె లోపలికి వెళ్ళి, దేవుని గూటిలోనుంచి ఒక పొట్లం తెచ్చింది. విప్పితే పోలీసువారి చలానాలు, మొత్తం తొమ్మిది. హెల్మెటు లేదని కొన్ని, ఎర్రదీపం దాటినందుకు కొన్ని. ప్రతి చలానా మీదా వెనుకనుంచి తీసిన ఛాయాచిత్రం. స్కూటరు, నంబరు, ఎవరో ఒక మనిషి వీపు. అన్నీ ఆమె భర్త పేరుతోనే వచ్చాయి.

"మొదటి రెండిటికి నేనే పైసలు కట్టిన సారూ. కట్టకుంటే పోలీసులు ఇంటికొస్తరేమోనని. మూడోదాన్నించి కట్టలె" అన్నది. ఒక చలానాను వేలితో సవరిస్తూ, "ఈయన మీరు గాదు. ఈయన సన్నగున్నడు" అని కూడా అన్నది. కట్టనివాటిని ఎందుకు దాచావమ్మా అని నేను అడగలేదు. పారవేయడానికి ఆమెకు చేతులు రాలేదని ఆ మడతలు చూస్తేనే తెలుస్తున్నది. భర్త మరణం తరువాత ఆయన పేరుతో ఆ ఇంటికి వచ్చిన ఉత్తరాలు అవే.

తిరిగివచ్చి ఏజెంటుకు జరిగింది చెప్పాను. అతడు నన్ను జాలిగా చూశాడు. "అక్కడికి ఎందుకు పోయిండ్రు సార్? ఆధార్ నకలు లేకున్నా నేను చూసుకొందును. సంతకం ఉన్నది కద. తేదీ వేసి ఇచ్చేద్దాం. సంతకానికి ప్రాణం ఉన్నదో పోయిందో ఎవరికెరుక?" అన్నాడు.

ఆ మాట నన్ను రెండు రోజులు వదలలేదు. పని ఒక్క వారంలో తీరిపోతుంది. సంతకం దొంగది కాదు. ఆయన చేసినదే, స్కూటరును అమ్మడానికి చేసినదే. డబ్బు పుచ్చుకొన్నదీ నిజమే. కాని నేను వేయవలసిన తేదీ 2018. మూడేళ్ళ కిందట దహనమైన మనిషి ఆ తేదీన నాకు బండి అమ్మినట్లు నా చేత్తో నేను రాయాలి. హుజూరాబాదు వెళ్ళకముందైతే రాసేవాడినేమో. అంత ధర్మమూర్తినని చెప్పుకోను. తలుపు తీసిన ఆమె ముఖం చూసిన తరువాత కలం సాగలేదు, అంతే.

దారి ఒకటే మిగిలింది. యజమాని మరణించినప్పుడు వారసులు 31వ నంబరు ఫారంతో వాహనాన్ని ముందుగా తమ పేరున మార్చుకోవాలి. ఆ తరువాత ఆమె నాకు అమ్మినట్లు 29, 30 ఫారాలు కొత్తగా పెట్టుకోవాలి. ఆమె ఒప్పుకొన్నది. "ఆయన పేరు మీద మళ్ళ చీటీలు రాకుంటే చాలు" అన్నది.

చెప్పినంత తేలిక కాలేదు. మరణ ధ్రువపత్రంలో ఆయన ఇంటిపేరు పూర్తిగా ఉన్నది, ఆర్.సి.లో ఒక్క పొడి అక్షరమే ఉన్నది. ఆ ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం రాయవలసివచ్చింది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు పెట్టి, తహసీలుదారు కార్యాలయం చుట్టూ ఆమె నాలుగుసార్లు తిరిగింది. రెండుసార్లు నేనూ వెంట ఉన్నాను. పుణెలో ఉన్న కూతురు తనకు అభ్యంతరం లేదని రాసి పంపడానికి మరో నెల. పాత చలానాలన్నీ చెల్లిస్తేనే పని ముందుకు సాగుతుందన్నారు. వాటిని నేను కట్టి, ఆమె కట్టిన రెండింటి సొమ్మునూ ఆమెకు ఇవ్వబోయాను. ముందు వద్దన్నది. "ఇది మీ బాకీ కాదమ్మా, బండి బాకీ" అన్నాక తీసుకొని కొంగున ముడివేసుకొన్నది. అమ్మిన యువకునికి ఫోను చేస్తే, తాను ఆ బండిని నడిపింది ఆరు నెలలేనని, ఆ ముందు సంగతి తనకు తెలియదని అన్నాడు. అది నిజమే కావచ్చు.

కరీంనగరం రవాణా కార్యాలయానికి మేమిద్దరం బస్సులో వెళ్ళాము. ఫొటో తీసేటప్పుడు ఆమె తలమీది కొంగు సరిచేసుకొన్నది. జీవితంలో ఒక్కనాడూ స్కూటరు హ్యాండిల్ పట్టని ఆమె, ఆ విధంగా కొన్ని వారాలపాటు దానికి యజమానురాలయింది. తన పేరుతో వచ్చిన కార్డును పోస్టుమాను ఇచ్చిన రోజున నాకు ఫోను చేసి, "నా బండి మంచిగున్నదా సారూ?" అని అడిగి నవ్వింది. ఆమె నవ్వు వినడం నాకు అదే మొదటిసారి.

ఆ తరువాతి పనులు త్వరగానే జరిగాయి. ఆమె పేరున బీమా తీసుకొన్నాను. పొగ పరీక్ష చేయించాను. ఛాసిస్ నంబరు మీద పలుచని కాగితం పరచి పెన్సిలుతో రుద్దితే, అంకెలు ఒక్కొక్కటిగా తేలివచ్చాయి. పేర్లు ఎన్ని మారినా ఆ అంకెలు మాత్రం 2011 నుంచీ అవే. ఈసారి ఫారాలలో ఏ గడీ ఖాళీగా విడువలేదు. నేను ఒక్కొక్క వరుసా చదివి వినిపించిన తరువాతనే ఆమె సంతకం చేసింది. అర్ధభాగం అక్షరాలు, అర్ధభాగం గీత. నా పేరున కార్డు వచ్చిన రోజున గోనెపట్టా తీశాను. సీటు మీద వేపాకులు, కింద ఒక పిల్లి కాపురం.

రెండు నెలల తరువాత మా ఇంటికి ఒక కవరు వచ్చింది. కూరగాయలకు వెళుతూ, దగ్గరే కదా అని హెల్మెటు పెట్టుకోని ఒక ఉదయపు చలానా, 135 రూపాయలు. ఛాయాచిత్రంలో అదే స్కూటరు, అదే నంబరు. వీపు నాది. పైన నా పేరు, నా ఇంటి నంబరు తప్పులేకుండా ఉన్నాయి. ఆ సాయంత్రమే మీసేవకు వెళ్ళి డబ్బు కట్టి, రసీదును ఆర్.సి. ఉన్న సంచిలోనే దాచాను.